పూర్ణచంద్రరావు గారి తొమ్మిదో గ్రహం

కంకిపాడులో మా ప్రైవేటు స్కూల్లో నేను లెక్కలు చెప్పేదాన్ని, పూర్ణచంద్రరావు గారు సైన్సు చెప్పేవారు. చెప్పేవారనడం కూడా మర్యాద కోసమే. ఎప్పుడో బీయెడ్‌లో బట్టీపట్టిన ముక్కల్నే ఏటా అప్పజెప్పేవారు. సూర్యుడు నక్షత్రం, భూమి గ్రహం, చంద్రుడు ఉపగ్రహం, తోక ఉంటే తోకచుక్క, రాలిపడితే ఉల్క. ఎందుకని అడిగిన పిల్లల్ని బెంచీ ఎక్కించేవారు.

ఆయన పాండిత్యమంతా ఒక చెక్కబొమ్మలో ఉండేది. కొండపల్లిలో చేయించుకొచ్చిన సౌరకుటుంబం. పీట మధ్యలో పసుప్పచ్చ సూర్యుడు, చుట్టూ పీటలో గుచ్చిన తీగల మీద తొమ్మిది ఉండలు, చిట్టచివర శనగగింజంత ప్లూటో. ఆ గ్రహాలన్నిటినీ తానే కన్నట్టు, దాన్ని చంకన పెట్టుకుని తిరిగేవారు.

రెండువేల ఆరు ఆగస్టులో శాస్త్రజ్ఞులు ప్లూటోని గ్రహాల్లోంచి తీసేసి మరుగుజ్జు గ్రహమన్నారు. పేపర్లన్నీ రాశాయి. ఈయన రాశిఫలాలు దాటి పేపరు చదివిన పాపాన పోలేదు.

నవంబర్లో స్కూల్లో క్విజ్ పెట్టారు. గెలిచినవాళ్లు విజయవాడలో జిల్లా పోటీకి వెళ్తారు. తొమ్మిదో తరగతి దాకానే అర్హత కాబట్టి, ఆ క్లాసులో ఉన్న అఫ్సానాకి అదే ఆఖరి అవకాశం. ఏడాదంతా చదివింది. వాళ్లమ్మ ఆమినాబీ విజయవాడ ప్రయాణానికని కొత్త చుడీదార్ కూడా కుట్టిపెట్టింది. అఫ్సానా, ఇంకో అబ్బాయి సమానంగా మిగిలాక, గ్రహాలెన్నని ఈయన చివరి ప్రశ్న వేశారు. ఎనిమిదంది అఫ్సానా. తప్పన్నారు ఈయన. పిల్ల వినయంగానే ప్లూటో సంగతి చెప్పబోయింది. మహానుభావుడు చెక్కబొమ్మ పైకెత్తారు.

"లెక్కపెట్టుకోమ్మా. కళ్లెదురుగా తొమ్మిది కనపడుతుంటే ఎనిమిదంటావేంటి?"

నేను ఆగస్టు నాటి పేపరు వెతికి తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టాను. పేపర్లవాళ్లు రోజుకో మాట రాస్తారండీ అంటూ చేత్తో తోసేశారు. తొమ్మిదన్న అబ్బాయి విజయవాడ వెళ్లాడు. అఫ్సానా ఏడవలేదు. నాకే ఒళ్లు మండిపోయి ఆ పూట అన్నం సయించలేదు. ఛీ, ఏం మనిషి!

ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి, గ్రహాలు ఎనిమిదేనని ఒక్క మాట చెప్పి వెళ్లారు. పేపరు చెబితే వినని మనిషి కుర్చీ చెప్పేసరికి చేతులు కట్టుకుని విన్నారు.

మరుసటేడు క్విజ్‌లో మళ్లీ అదే ప్రశ్న. ఎవరో కుర్రాడు తొమ్మిదంటే తప్పని కొట్టిపారేశారు. ఈ సంగతి తాను మొదట్నించీ చెబుతూనే ఉన్నానని మైకులో సెలవిచ్చారు కూడా. సాక్ష్యానికి చెక్కబొమ్మ ఎత్తారు. అప్పటికే ప్లూటోని తీగతో సహా పీకేసి ఉంచారు. పీట చివర చిన్న కన్నం మిగిలింది.

పదో తరగతికి వచ్చేసిన అఫ్సానా వెనక వరసలోంచి లేచి నిలబడింది.

"సార్, ఆ చివర కన్నం ఏంటండీ?"

ఆయన కన్నం వంక చూశారు, పిల్ల వంక చూశారు.

"చెదలమ్మా," అన్నారు. "కూర్చో."

అఫ్సానా కూర్చోలేదు. ఆయన ఆ కన్నాన్ని బొటనవేలితో మూసుకుని అలాగే నిలబడ్డారు.