సుగుణత్త రేడియో బోర్డు

మొన్న గిద్దలూరులో మా పాత ఇంటి అటక దులుపుతుంటే ఒక సర్క్యూట్ బోర్డు దొరికింది. చెక్కముక్కకు మేకులు కొట్టి, రాగి తీగలు చుట్టి, చేత్తో చేసిన రేడియో బోర్డు. చూడగానే టంకం పొగ ముక్కుకు తగిలినట్టయింది.

మా సుగుణత్త అప్పట్లో వీధిలోని పాత రేడియోలన్నీ విప్పి కూర్చునేది. మా నాయన చెల్లెలు. ఆమె ఇలాంటిదే చేస్తే, "ఆడపిల్లవు, నీకెందుకమ్మే ఈ తీగలు?" అని నాయన పొయ్యిలో పడేశాడు. అది కాలిపోవడం నేను కళ్ళారా చూశాను. మరి ఇదెక్కడిది?

కొమరోలులో ఉన్న అత్తకే ఫోన్ చేశాను.

"అది రెండోది లేమ్మా. మీ నాయన కాల్చిన వారానికే మళ్ళా చేసినా. అటకెక్కి రోజూ పాటలు ఇనేదాన్ని."

"అదీ నాయనకు దొరికుంటే?"

"ఏముంది, మూడోది చేసేదాన్ని!"