గాలికి దారి వదిలిన తెరచాప

మా బావ కృపాకర్‌ను ఒక్కసారి నోరారా తిట్టాలని నాకు పాతికేళ్ళుగా కోరిక. తీరలేదు. ఎవరైనా తిట్టడానికి నోరు తెరవగానే ఆయనే ముందు "నిజమే, తప్పు నాదే" అనేస్తాడు. అట్లాంటి మనిషిని ఎక్కడ పట్టుకుని తిడతాం?

అఫ్జల్‌గంజ్‌లో ఒక టెంట్‌హౌస్ వెనక గదిలో ఆయన షామియానాలు కుడతాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే గది, అదే మిషను. పాతబస్తీ పెళ్ళిళ్ళలో సగం విందులు ఆయన కుట్టిన గుడ్డ కిందనే జరిగి ఉంటాయి. ఆయనను విందుకు పిలిచినవాళ్ళు మాత్రం లేరు. పనిలో ఆయనకొక పట్టుదల ఉంది. షామియానా అయినా, నాయకుల బ్యానరైనా, కుట్టడం అయిపోగానే కత్తెర తీసి గుడ్డకు అక్కడక్కడ నెలవంకల్లాగా కోతలు పెడతాడు. అంచులు రెండు వరుసలు కుట్టి గట్టి చేస్తాడు.

"గాలితోని కొట్లాట పెట్టుకోవద్దు బామ్మర్దీ. దానికింత తొవ్వ ఇడిస్తే దాని దారిన అది పోతది. గుడ్డ బతుకుతది" అంటాడు.

ఎప్పుడో బహదూర్‌పురాలో వేరెవరో కుట్టిన పందిరి ఈదురుగాలికి లేచిపోయి జూ పార్కు గోడ మీద వాలిందట. తనది ఇంతవరకు ఒక్కటీ లేవలేదట. ఈ కథ నేను నూరుసార్లు విన్నాను. విన్నప్పుడల్లా ఆ పందిరి ఇంకొంచెం దూరం ఎగిరింది. పోయినసారి ఏనుగు మీద పడింది.

గుడ్డ వరకైతే నాకేం పేచీ లేదు. ఆయన మనుషులకూ అట్లాగే తొవ్వ విడుస్తాడు. తమ్ముడు మేడ మీది గది అడిగితే ఇచ్చేశాడు. టెంట్‌హౌస్ సేఠ్ గదిలోని ఫ్యాను విప్పుకుని ముందు కౌంటరుకు బిగించుకుంటే, "ఆయనకే గిరాకీ ఎక్కువ, ఉక్కపోస్తది పాపం" అని స్టూలు ఎక్కి తానే బిగించి వచ్చాడు. బస్సులో సీటు దొరికినా దాన్ని ఎవరో ఒకరికి లేచి ఇచ్చేదాకా ఆయనకు తోచదు. నేను ఆర్టీసీ డిపోలో గుమాస్తాను కాబట్టి ఈ సంగతి కండక్టర్లే నాకు చెప్పారు.

ఇంత దానగుణానికి మూల్యం చెల్లించింది మా అక్క చంద్రమ్మ. అక్క ఒక మిషన్ స్కూల్లో ఆయమ్మ. ఏటా క్రిస్మస్‌కు పది రోజుల సెలవులు. ఆ పది రోజుల్లో ఒక్క మూడు రోజులు ఎక్కడికైనా పోయి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఎవరో వండింది తినాలని అక్క ఆశ. అంతకు మించి మొగుణ్ణి ఆమె ఏదీ అడగగా నేను వినలేదు. డిసెంబర్ అంటే చర్చి పందిళ్ళు, పెళ్ళిళ్ళు. బావ ఏటా "వచ్చే యేడు పక్కా" అనేవాడు. ఆ సెలవుల్లో అక్క ఇంట్లో కూర్చుని షామియానా ఝాలర్లకు కుచ్చులు కట్టేది.

పోయిన డిసెంబర్‌లో వచ్చే యేడు నిజంగానే వచ్చింది. కారులో వచ్చింది.

రామలింగం అనే ఒక బిల్డరు. కొత్త సిటీ వైపు ఇరవై అంతస్తులు కట్టి అమ్మి, ఆ బడలిక తీర్చుకోవడానికి ఒక తెరచాప పడవ కొన్నాడు. సోమశిల దగ్గర, డ్యాము వెనక నిలిచిన కృష్ణ నీళ్ళలో ఉంటుందది. లోపల పరుపులు, స్టవ్వు, అద్దాల కిటికీలు అన్నీ ఉన్నాయి. దాని తెరచాప చిరిగితే, బొంబాయివాళ్ళు రెండు నెలలు ఆగమన్నారట. డ్రైవరు సలహా మీద అఫ్జల్‌గంజ్‌కు పట్టుకొచ్చాడు.

"గాలికి మళ్ళీ చిరగకూడదు కృపాకర్. అదొక్కటే చూడు" అన్నాడు.

"మీరు ఫికర్ జెయ్యకుండ్రి సార్. గాలి దీన్నేం జెయ్యలేదు" అన్నాడు మా బావ.

పోతూ పోతూ రామలింగం, పండుగ మర్నాటి నుంచి మూడు రోజులు పడవ మీదికి రమ్మనీ, కుటుంబాన్ని కూడా తెచ్చుకోమనీ చెప్పాడట. బావ ఆ సాయంత్రం ఇంటికి పరుగున వచ్చాడు. "గెస్టులుగ పిలిచిండు చంద్రా! బామ్మర్దిని గూడ తోలుకపోదాం!"

వారం రోజుల్లో గల్లీ అంతా తెలిసిపోయింది. అక్క "సేల్ బోటు" అని చెప్పింది, వాళ్ళాయన చెప్పినట్టే. మా వాళ్ళకు సేల్ అంటే పత్తర్‌గట్టి దుకాణాల ముందు వేలాడే అట్టముక్కే. "అక్కా, ఎంతల ఇస్తున్నరు? ఒకటి కొంటే ఒకటి ఫ్రీనా?" అని పక్కింటి వీణ అడిగింది. అక్కకు కోపం రాలేదు. ఆ వారం అక్కకు దేనికీ కోపం రాలేదు. పత్తర్‌గట్టికే పోయి నీలం రంగు చీర కొనుక్కుంది, నీళ్ళ మీద బాగుంటుందని. పదకొండేళ్ళ తర్వాత తన కోసం తాను కొనుక్కున్న చీర అది. ఆ ముఖం చూస్తే నాకు ముద్దొచ్చింది, భయం కూడా వేసింది.

నేనేం తక్కువ తినలేదు. డిపోలో లీవు కాగితం మీద కారణం గడిలో "నౌకా విహారం" అని రాశాను.

ఇరవై ఆరో తారీకు ఉదయం సోమశిలలో దిగాం. రామలింగం ఒడ్డునే ఉన్నాడు, తెల్ల నిక్కరు, నల్ల కళ్ళద్దాలు. ఆయన పక్కన రెండు జంటలు, ఆయన స్నేహితులు. "వీళ్ళే మా ఆర్టిస్టులు! చార్మినార్ దగ్గరి హెరిటేజ్ హ్యాండ్స్! మా ఫ్యామిలీలాంటి వాళ్ళు" అని మమ్మల్ని చూపించాడు. బావ సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. ఆ తర్వాత రామలింగం గొంతు తగ్గించి నాతో, "ఆ ఐస్ డబ్బా కొంచెం ఎక్కించు" అన్నాడు. ఎక్కించాను. అక్క పడవ ఎక్కి, పరుపు చివర ఇలా కూర్చుందో లేదో ఆమె చేతికి ఉల్లిగడ్డల సంచీ, కత్తి వచ్చాయి.

అక్క వాటిని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. ఆయన తాడు ముడి విప్పడంలో మునిగిపోయాడు. ఆ తాడుకు ముడే లేదు.

పక్కకు లాగి అడిగితే నా దగ్గర ఒప్పుకున్నాడు. రామలింగం పూర్తిగా అన్న మాట, "ఫ్యామిలీని కూడా తీసుకురా, వంట చేసేవాళ్ళు కావాలి" అని. మా బావ దాన్ని సగానికి కత్తిరించి ఇంటికి తెచ్చాడు. మాకు పడుకునే చోటు కూడా పడవ మీద కాదు, ఒడ్డున. టార్పాలిను ఆయనే వేయాలి.

"సగమన్నా నిజమే గద ప్రేమ్‌రాజ్" అన్నాడు. నేను తిట్టబోయాను. "నిజమే, తప్పు నాదే" అన్నాడు.

అక్క ఆ నీలం చీర కొంగు బొడ్లో దోపి సంచీడు ఉల్లిగడ్డలు కోసింది. కళ్ళు తుడుచుకుంటుంటే ఉల్లిగడ్డల వల్లనే అని అందరికీ సుఖంగా అనుకునే వీలు కుదిరింది. నాకు ఒళ్ళు మండింది. మండుతూనే ఐస్ అందించాను.

మోటారు మీద నడి నీళ్ళకు పోయాక రామలింగం ఇంజను ఆపాడు. "ఇక మన ఆర్టిస్ట్ పనితనం చూడండి" అని తాడు లాగాడు. తెరచాప పైకి లేచి విచ్చుకుంది. దాంట్లోంచి ఆకాశం కనబడింది. ఇరవై ఒక్క చోట్ల కనబడింది, ఒక్కొక్కటి ఒక నెలవంక, అంచులకు రెండు వరుసల కుట్టు. గాలి బాగానే వచ్చింది. వచ్చి, ఆ దారుల్లోంచి మర్యాదగా వెళ్ళిపోయింది. పడవ ఉన్నచోటే ఉంది.

"ఏంటయ్యా ఈ బొక్కలు?" రామలింగం అరుపుకు నీటికాకులు లేచిపోయాయి.

"గాలికి చిరగొద్దన్నరు గద సార్" అన్నాడు బావ, కొంచెం గర్వంగానే. "ఇగ సచ్చినా చిరగదు."

రామలింగం స్నేహితులు నవ్వు ఆపుకోలేకపోయారు. వాళ్ళు నవ్వేకొద్దీ ఆయన రెచ్చిపోయాడు. బుద్ధి లేదా అన్నాడు, గడ్డి తింటున్నావా అన్నాడు, ఈ మూడు రోజులూ కూర్చుని ప్రతి బొక్కకూ మాటు వెయ్యమన్నాడు. మా బావ అప్పటికే జేబులోంచి సూది తీశాడు. "నిజమే సార్, తప్పు నాదే."

"ఆగు" అంది అక్క.

కత్తి కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. కొంగు సరిచేసుకుని వచ్చి రామలింగం ఎదురుగా నిలబడింది.

"సారూ, ఒక్కటి అడుగుత. మీ దోస్తుల ముందట మమ్మల్ని ఫ్యామిలీ అన్నరు. మా ఆయన గెస్టులం అన్నడు. మేము ఏందో మీరే చెప్పుండ్రి. పనోళ్ళమంటె చెప్పుండ్రి, రాత్రి దాక వండుత. గెస్టులమంటె కూసుంట. గిట్ల నడుమల నిలవడుడు నాతోని గాదు."

నడి నీళ్ళలో పడవ నిలిచిపోతే ఒక ఇబ్బంది ఉంది. ఎవరూ లేచి ఎటూ పోలేరు. రామలింగం స్నేహితుల వైపు చూశాడు. వాళ్ళు నవ్వు ఆపి ఆయన వైపే చూస్తున్నారు. పొద్దున హెరిటేజ్ అని పొగిడిన నోటితో పనోళ్ళు అనడానికి ఆయనకు నాలుక తిరగలేదు.

"అయ్యో, గెస్టులే కదమ్మా" అన్నాడు.

"అయితే చాయ్ తెప్పియ్యుండ్రి" అని అక్క పరుపు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బావ చొక్కా పట్టి గుంజి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన చేతిలోని సూది లాగి తన జాకెట్టుకు గుచ్చుకుంది.

చాయ్ పెట్టడానికి తెచ్చుకున్న మనిషి అక్కే. ఇంకెవరూ లేరు. రామలింగం కాసేపు అటూ ఇటూ చూసి తానే స్టవ్వు దగ్గరికి పోయాడు. లోపల గిన్నెలు మోగాయి, ఏదో కింద పడింది. చాలాసేపటికి ట్రే పట్టుకుని వచ్చాడు. ఆ ట్రేను అందుకోవడానికి బావ మూడుసార్లు లేవబోయాడు, అక్క మూడుసార్లు గుంజింది. మూడోసారి గుండీ తెగింది.

అక్క ఒక గుక్క తాగి నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. అంత తీరుబడిగా ఉన్న అక్కను నేను ఎప్పుడూ చూడలేదు, నా కళ్ళు నిండాయి. నేను ఒక్క ఉల్లిగడ్డ కూడా కొయ్యలేదు. బావ కప్పు పట్టుకుని ఆమె ముఖం కేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక గుక్క తాగాడు. గొంతు సవరించుకున్నాడు. ఇక తప్పు నాదే అంటాడని నేను పళ్ళు బిగించుకున్నాను.

"సార్" అన్నాడు, "చక్కెర తక్కువైంది."