నేలను ఊడ్చే చీర అంచు

ఈ ఉదయం మా క్లినిక్ వరండాలో నడుస్తుంటే తాడిపత్రి బండల మీద సరసరమని చప్పుడు. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. నేలను ఊడుస్తున్నది నా చీర అంచే. "చీరలకు పన్నా మరీ ఎక్కువ పెడుతున్నారు," అని విసుక్కున్నాను. ఆ మాట అన్నానో లేదో నవ్వొచ్చింది. నాగరత్నమ్మ గారు గుర్తొచ్చారు.

ఆమె అనంతపురంలో ఎముకల డాక్టరు. తొంభైల చివర్లో నేను ఆమె దగ్గర జూనియర్‌గా చేరాను. ఎముకల గట్టిదనం కొలిచే యంత్రం కోసం మేము రోగులను బెంగళూరుకు పంపాల్సిన రోజులవి. ఆమె మాత్రం నెలసరి ఎప్పుడు నిలిచింది, మీ అమ్మకు తుంటి విరిగిందా అని కబుర్లలోనే అడిగి, ఎవరి ఎముకకు ముప్పుందో పసిగట్టేవారు. నాకు అదంతా కాలక్షేపంలా కనిపించేది. కొత్త చదువు, కొత్త పొగరు.

ఒకరోజు కణేకల్ నుంచి ఒక అవ్వ నడుము నొప్పితో వచ్చింది. ఒంటరి మనిషి, తన వంట తనే చేసుకుంటుంది. "ఎప్పుడైనా పడ్డారా?" అని అడిగాను. "పడేదానికి నాకేం కర్మ తల్లీ!" అని కసిరింది. 'పడలేదు' అని రాసి, నొప్పి మాత్రలిచ్చి పంపబోయాను.

నాగరత్నమ్మ గారు ఆ కాగితం చూసి అవ్వ పక్కన కూర్చున్నారు.

"అవ్వా, యాడన్నా జారినావా?"

"జారినానమ్మా. కల్లంలో ఒకతూరి, నీళ్లు పోసుకునేకాడ రెండుతూర్లు. అయినా వెంటనే లేసినా గదా!"

అవ్వ దృష్టిలో లేవలేకపోతేనే పడినట్టు. నాకు తల కొట్టేసినట్లయింది.

"చీర అంచు నేలను ఊడుస్తాండాదే?"

"అంగడోళ్లు పన్నా ఎక్కువ పెడతాండారు డాక్టరమ్మా."

"చీర పెరగలేదవ్వా. నువ్వే కుంగినావు."

ఎక్స్‌రేలో వెన్నుపూసలు రెండు నలిగి కనిపించాయి. ఇంకోసారి జారితే తుంటి విరిగే ప్రమాదం ఉందని చెప్పగానే అవ్వ మొహం చిన్నబోయింది. "మంచాన పడితే నాకు గంజి పోసేవాళ్లు యాడుండారమ్మా?" అంది. నొప్పి మాత్రలతోనే పంపేసి ఉంటే ఆమెను మంచాన పడేసేదాన్ని నేనే కదా.

"పడనిస్తే గదా!" అని నాగరత్నమ్మ గారు మందులు రాశారు. నీళ్లు పోసుకునే బండను గరుకు చేయించమన్నారు. చేతికర్ర అనగానే అవ్వ మొండికేసింది.

"ముసల్దంటారమ్మా."

"మేకలు తోలేదానికని చెప్పు."

"నాకు మేకలు యాడుండాయి?"

"తోలేసి వచ్చినానని చెప్పు!"

మూడేళ్ల తర్వాత అవ్వ అదే కర్ర ఊపుకుంటూ వచ్చి నేరుగా నా ముందు కూర్చుంది. "పడలేదు, జారనూ లేదు. ఈతూరి సరిగ్గా రాసుకో తల్లీ," అంది.

ఇప్పుడు మా దగ్గర ఆ ఎముకల యంత్రం కూడా ఉంది. అయినా ముందు జారినారా అనే అడుగుతాను, చీర అంచు చూస్తాను. ఇందాక ఎత్తు కొలిచే బద్ద కింద నేనే నిలబడ్డాను. మా నర్సు కొలిచి, చెప్పడానికి మొహమాటపడింది.

"రెండు వేళ్లు తగ్గినారు మేడమ్."

"సరిగ్గా రాసుకో తల్లీ," అన్నాను.