ఎర్ర లాంతరు కింద పద్దెనిమిది జతలు

ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివితే మేష్టరుగారికే బాగుండదని మానేశాను. అలాంటివాడు టోక్యో చూసొచ్చాడంటే ఆర్.కె. పురంలో ఇప్పటికీ కొందరు నమ్మరు. నమ్మకపోతే మానె. తొమ్మిది రోజులు చూశాను. ఏం చూశావని అడిగితే మాత్రం కాస్త ఆలోచించుకోవాలి.

అన్నయ్యా నేనూ ఢిల్లీలో వంటవాళ్లం. మెట్రో ఇంకా మా వైపు రాని రోజులు. గంటెలూ గుండిగలూ ఆటోలో వేసుకుని సెక్టారు నుంచి సెక్టారుకి తిరుగుతూ తెలుగు ఆఫీసర్ల ఇళ్లలో వ్రతాలకీ బారసాలలకీ తద్దినాలకీ వండేవాళ్లం. వంట అన్నయ్యది, వాగుడు నాది. వడ్డిస్తూ నేను నవ్విస్తుంటే జనం ఇంకో గరిటె తినేవారు. అది కూడా వంటలో భాగమేననేవాడు అన్నయ్య.

రిటైరైన ఆఫీసర్లు, వాళ్ల ఆడవాళ్లు కలిసి పద్దెనిమిది మంది జపాను వెళ్లాలనుకున్నారు. అక్కడ పప్పులో కూడా చేప వేస్తారని వాళ్లకెవరో చెప్పారట. దాంతో విమానం టికెట్ల కన్నా ముందు వంటవాణ్ణి ఖాయం చేసుకున్నారు. అన్నయ్యని. తీరా బయల్దేరే ముందు అన్నయ్యకి గుండెల్లో నొప్పి వచ్చింది. గ్యాస్ అన్నాడు. డాక్టరు మాత్రం విమానం ఎక్కొద్దన్నాడు. ఒకప్పుడు దుబాయి వెళ్దామని తీయించుకున్న పాస్‌పోర్టు నా పెట్టెలో ఉంది. అలా నేను ఖాయమయ్యాను.

"వాళ్లకి మాటిచ్చాన్రా. ఒక్క పూట కూడా పస్తుండకూడదు" అన్నాడు అన్నయ్య. మళ్లీ తనే, "అక్కడేదో టవరుందట, ఎక్కు. స్టూలెక్కితేనే వణికే నీ కాళ్లు అక్కడెలా వణికాయో వచ్చి చెప్పు" అన్నాడు.

టోక్యోలో మేం దిగిన బసలో గదుల కింద చిన్న వంటిల్లు ఉంది. అక్కడి బియ్యం మన బియ్యంలా పొడిపొడిగా ఉండదు, ఉడికితే బంధువుల్లా ఒకదాన్నొకటి పట్టుకుని వదలదు. పులిహోరకి పనికిరాదు. దద్ధ్యోదనానికి మాత్రం అంతకన్నా మంచి బియ్యం నేనింతవరకు చూడలేదు. ఆ మాట మొదటిరోజే ఫోన్‌లో అన్నయ్యకి చెప్పాను. "అల్లం ఎక్కువ వెయ్యకు" అన్నాడు. అదే ఆఖరి మాటని తెలిస్తే ఇంకాస్త మంచిది అని ఉండేవాడేమో.

మూడోరోజు మధ్యాహ్నం ఉయెనో పార్కుకి వెళ్లాం. పూలు మొన్ననే రాలిపోయాయన్నారు. మావాళ్లు చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని, లేని పూల కింద ఫొటోలు తీయించుకుంటున్నారు. డబ్బాలు దింపి, పక్కనున్న పబ్లిక్ ఫోనులో కార్డు పెట్టి ఇంటికి చేశాను. ఎత్తింది వదిన తమ్ముడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగినవాడు.

"చిన్నబావా, ఠీక్ హో? సునో, అక్క నీకు చెప్పొద్దంది. నువ్వేం కంగారుపడకు."

"ఏం చెప్పొద్దంది?"

"అదే బావా... పెద్దబావ నిన్న పొద్దున్న పోయారు. అయిపోయింది, అంతా చేసేశాం. నీకు తెలిస్తే అక్కడ వంట చెయ్యకూడదట కదా, అందుకని వచ్చాకే చెబుదామంది అక్క." అప్పుడు గుర్తొచ్చింది వాడికి. "అరే యార్. చెప్పేశానా?"

చెప్పేశాడు.

మైల సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క. అన్నో తమ్ముడో పోతే పది రోజులు మైల. ఆ పది రోజులూ మనం వండింది పరాయివాళ్లు తినరు, మనం గుడి గడప తొక్కకూడదు. అయితే దూరాన ఉన్నవాడికి ఒక వెసులుబాటుంది. చెవిన పడేదాకా మైల లేదు. వదిన ఆ వెసులుబాటులో నన్ను దాచిపెట్టింది. వాళ్ల తమ్ముడు తలుపు తీశాడు. వాడిది వేరే గోత్రం, వాడికి మైల లేదు, నోటికి గొళ్లెమూ లేదు.

ఫోను పెట్టేశాను. కార్డు బయటికొచ్చింది, జేబులో వేసుకున్నాను. చెట్ల కింద పద్దెనిమిది మంది ఆకలితో ఉన్నారు. వాళ్లలో అందరికన్నా పెద్దావిడ, మేమంతా మామ్మగారు అనేవాళ్లం, తడిబట్ట లేకుండా మంచినీళ్లయినా ముట్టని మనిషి. ఇప్పుడీ మాట అన్నానా, ఆవిడ ఆ రోజు నుంచి అరటిపళ్ల మీద బతకాలి. మిగతావాళ్లు ఆవిడ మొహం చూసి మానేస్తారు. అన్నయ్య ఇచ్చిన మాట ఉయెనో పార్కులో పోతుంది.

నేను వినలేదు, అనుకున్నాను. అంతే. లైను బాగాలేదు, ఏమీ వినబడలేదు.

వెళ్లి వడ్డించాను. "ఏమోయ్, ఇంట్లో అంతా కులాసాయేనా?" అన్నారు గుంపుకి పెద్ద అయిన ఆఫీసరుగారు.

"కులాసా అండీ. మీరు లేకపోయేసరికి సెక్టారంతా ప్రశాంతంగా ఉందిట."

నవ్వారు. నేనూ నవ్వే ఉంటాను. ఏడుపు వస్తే ఉల్లిపాయ మీదికి తోసేద్దామని సాయంత్రం ఉల్లిపాయలు ముందు పెట్టుకున్నాను. మామ్మగారి కోసం ఉల్లి లేని వంటే చేస్తున్నానని తరవాత గుర్తొచ్చింది. ఏడుపూ రాలేదు. తరిగినవన్నీ కవరులో కట్టి పారేశాను.

మర్నాడు అసకుసా గుడి. ముఖద్వారానికి మనిషి ఎత్తుకి రెండింతలుండే ఎర్ర లాంతరు వేలాడుతుంటుంది. అక్కణ్ణించి గుడి దాకా రెండు పక్కలా కొట్లు. ఆ జనాన్ని చూసి చాందినీ చౌక్‌ని ఉతికి ఇస్త్రీ చేసినట్టుందన్నాను. మనవాళ్లకి గుడంటే గడప బయటే చెప్పులు విడవాలి. అక్కడెవరూ విడవడంలేదు. అయినా మామ్మగారు విడిచారు. ఆవిణ్ణి చూసి ఆఫీసర్లందరూ బూట్లు విప్పారు. పద్దెనిమిది జతలు లాంతరు కింద వరసగా పెట్టి, మేజోళ్లతో కొందరు, వట్టి కాళ్లతో కొందరు ఆ చలి రాళ్ల మీద బయల్దేరారు.

"నువ్వు రావేం అబ్బాయ్?" అన్నారు మామ్మగారు.

"చెప్పులు చూసుకుంటానండి."

"జపానులో చెప్పుల దొంగలుంటారా?"

"ఒకడు ఢిల్లీ నుంచి మనతోనే వచ్చాడు కదండీ. వాణ్ణి కాపలా పెడితే వాడు ఎత్తుకుపోలేడు."

ఆవిడ నవ్వలేదు. నా మొహంలోకి ఒకసారి చూసి వెళ్లారు.

గంటసేపు చెప్పుల దగ్గర నిలబడ్డాను. చెప్పుల వరసని జపాను వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. ఒకావిడ నాకు వంగి దండం పెట్టింది. నేనూ వంగాను. ఆవిడ ఇంకోసారి వంగింది. బాకీ ఎందుకని నేనూ వంగాను. ఒక పోలీసు వచ్చి చెప్పులు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ చెప్పులు చూశాడు. రెండు చేతులూ జోడించి గుడివైపు చూపించాను. ఏమర్థమైందో, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. గుడి ముందు పెద్ద పాత్రలో అగరొత్తులు గుచ్చి, ఆ పొగని అందరూ చేతుల్తో ఒంటి మీదికి లాక్కుంటారట. నేనది చూడలేదు. వాసన మాత్రం తిరిగొచ్చినవాళ్ల కోట్లకి అంటుకుని లాంతరు దాకా వచ్చింది.

ఆ మర్నాడు అడవిలాంటి తోటలో ఇంకో గుడి. అక్కడ పెద్ద కొయ్య తోరణం బయట ఆగి, మోకాలు పట్టేసిందన్నాను. దాని తరవాతి గుడికి అన్నం డబ్బాలు ఎండలో పెట్టకూడదన్నాను. అలా టోక్యోలో గుళ్లన్నీ బయటినుంచే చూశాను. మిగతావి లోపలికెళ్లి చూశాను. షిబుయాలో నాలుగువైపులా ఒకేసారి సిగ్నలు పడితే వేలమంది రోడ్డు దాటారు, ఒక్కడూ ఇంకొకణ్ణి తిట్టలేదు. రాజుగారి కోటలో వంతెన చూశాను, రాజుగారు కనబడలేదు. చేపల మార్కెట్టుకి మావాళ్లు ముక్కులు మూసుకుని వెళ్లి, కళ్లు మాత్రం తెరుచుకుని వచ్చారు. బస్సులో నేనొక్కో జోకూ వేస్తుంటే వెనకసీట్ల దాకా నవ్వేవారు. నా గొంతు నాకు పక్కింటి రేడియోలా వినబడేది.

టవరుకి ఆరోరోజు వెళ్లాం. అది గుడి కాదు కాబట్టి ఎక్కాను. పైన ఒకచోట నేలలో అద్దం పరిచారు. దాని మీద నిలబడితే కాళ్ల కింద కార్లు చీమల్లా పోతుంటాయి. మా ఆఫీసరుగారు ఒక కాలు పెట్టి తీసేశారు. "హాయ్ రామ్" అంటూ ఆయన భార్య కళ్లు మూసుకున్నారు. నేను రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాను. కాళ్లు వణుకుతాయని చూశాను. స్టూలెక్కితే వణికే కాళ్లు, క్వార్టర్ల డాబా మీద ట్యాంకు కడగడానికి నిచ్చెనెక్కి సగంలో ఏడిస్తే అన్నయ్య చంకన పెట్టుకుని దింపిన కాళ్లు. వణకలేదు. ఇంకాసేపు చూశాను. అద్దం శుభ్రంగా ఉంది. కింద ఎర్ర కారొకటి మలుపు తిరిగింది.

"శభాష్, ధైర్యం వచ్చిందోయ్ నీకు" అన్నారు ఆఫీసరుగారు.

దిగి, బసకి వెళ్లి చారు పెట్టాను. ఉప్పు సరిపోయిందన్నారు. నాకైతే ఆ వారం ఏ రుచీ తెలియలేదు, చెయ్యికి తెలిసినట్టు వేశాను. ఆ చెయ్యి కూడా అన్నయ్య దిద్దిందే.

తొమ్మిదోరోజు ఢిల్లీలో దిగాం. పెట్టెలొచ్చే బెల్టు దగ్గర అందరూ తోసుకుంటుంటే మామ్మగారు నా పక్కకొచ్చి నిలబడ్డారు.

"ఇంటికెళ్లగానే గడప బయటే స్నానం చెయ్యి నాయనా."

"అంత కంపు కొడుతున్నానా మామ్మగారూ?"

"గుళ్లోకి రానివాడు వంటింట్లోకి పోతున్నాడు. ఆరు రోజులుగా చూస్తూనే ఉన్నా."

"మరి తిన్నారేమండీ?" అన్నాను.

"నువ్వు చెప్పలేదుగా. నేను వినలేదు." పెట్టె వచ్చింది. నేనెత్తి బండి మీద పెట్టాను. "ఎవరు నాయనా?"

"అన్నయ్య."

ఆవిడ చెయ్యి ఎత్తారు, నా తలమీద పెట్టబోయి, మైల గుర్తొచ్చి కాబోలు, పెట్టె మీద పెట్టారు.

ఇంటి గుమ్మం బయట బకెట్టు నిండా నీళ్లు, పొడి పంచె, పీట సిద్ధంగా ఉన్నాయి. వదిన గుమ్మంలో నిలబడింది. నేను ఆ ముందురోజు నుంచే మొహం తయారుచేసుకుంటున్నాను. సెక్టారులో ఒక్క ఆఫీసర్నీ వదలకుండా అనుకరించేవాణ్ణి, కొత్తగా విన్న మొహం ఒక్కటి పెట్టలేనా అనుకున్నాను. వదిన నోరు తెరిచింది. నా మొహం చూసి మళ్లీ మూసుకుంది.

"తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మూడోరోజు నుంచి."

"వంట చేశావా?"

"చేశాను."

"అందరూ తిన్నారా?"

"తిన్నారు వదినా. ఒక్క పూట కూడా తప్పలేదు."

వదిన గుమ్మం మీద చెయ్యి ఆనించింది. "టవరెక్కావా? అడిగారు మీ అన్నయ్య. పోయే ముందురోజు రాత్రి కూడా, ఎక్కాడంటావా అని నన్నడిగారు."

"ఎక్కాను."

"కాళ్లు వణికాయా?"

"వణికాయి. అందరూ నవ్వారు" అన్నాను.

వదిన తల ఊపి లోపలికి వెళ్లింది. నేను పీట మీద కూర్చుని చెంబు ముంచి పోసుకున్నాను. ఏప్రిల్ ఎండకి బకెట్టు ఎప్పట్నించి అక్కడుందో, నీళ్లు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో తెలియలేదు. అయిపోయేదాకా పోసుకున్నాను.