అడిగి ఊరుకునే మేడమ్‌గారు

రొయ్యల రైతులకు ఫోన్‌లో చూసుకునే పాఠాలు తయారుచేయడానికి అమలాపురం నుంచి ఒక మేడమ్‌గారు మా మేతల కొట్టుకు వచ్చేవారు. ఎవరినైనా ప్రశ్న అడిగితే, వెంటనే అరచేత్తో తన నోరు మూసుకోవడం ఆవిడ అలవాటు. బేరంలో ముందు నోరు తెరిచినవాడిదే ఓటమని మా నాన్నగారు నాకు చిన్నప్పుడే చెప్పేరు. విన్నాను గాని నేర్చుకోలేదు. అందుకే ఆ అరచెయ్యి చూస్తే నాకు అసూయ.

ఒకరోజు ఐ.పోలవరం నుంచి వచ్చిన ఒక రైతు బాబాయిగారికి కొత్త పాఠాలు చూపించేరు. అప్పటికే ఆయనకొక పంట పోయింది. అయినా రెండో పాఠం చివర ప్రశ్నలు రాగానే ఫోన్ బల్లమీద పెట్టేశారు.

"ఈ వయసులో నాకు పరీక్షలేంటండీ? మానేస్తానండి."

"సరేనండి. రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే ట్రేలో మేత మిగిలిపోతే మీరేం చేస్తారు?" అని ఆవిడ నోరు మూసుకున్నారు.

నేను ఆగలేక, "మేత తగ్గించాలి బాబాయ్!" అనేశాను.

"నువ్వు కొట్టు చూసుకోరా," అన్నారాయన. మేడమ్‌గారి చెయ్యి నోటిమీంచి కదల్లేదు. కాసేపటికి బాబాయిగారే మెల్లగా, "ముందు చెరువులో దిగి అడుగుమట్టి వాసన చూస్తానండి. కుళ్లు కంపొస్తే మేత తగ్గిస్తే సరిపోదండి, నీళ్లు కూడా మార్చాలి," అన్నారు.

మేడమ్‌గారు నోటిమీంచి చెయ్యి తీశారు. నవ్వుతున్నారు.

"ఇది నా పాఠంలో లేదండి. చెరువు దగ్గర ఇదే చెబుతారా? వీడియో తీసి మొదటి పాఠంగా పెడతాను."

"ఆయ్," అన్నారు బాబాయిగారు, ఫోన్ చేతిలోకి తీసుకుంటూ. "మిగతావీ చూస్తానండి. ఇంకా ఏమేం వదిలేశారో ఎవరో ఒకరు చెప్పాలి కదండీ."