ఎవరిదో దున్న

మెడలో ఆఫీసు కార్డు కొత్తగా పడ్డ రోజుల్లో మనిషికి తన ఇంటి వాసనే తనకు పడదు. నాకైతే మరీను. మా బస్తీ జహనుమాలో మాది పాల వ్యాపారం, ఇంటి ముందు ఆరు బర్రెలు. పొద్దున్నే పాలు పిండి, రెండుసార్లు సబ్బు రుద్దుకుని, సెంటు కొట్టుకుని ఆఫీసుకు పోయేవాణ్ణి. (బస్సులో పక్కవాడు ముక్కు కదిపితే చాలు, లేచి ఇంకో సీటు వెతుక్కునేవాణ్ణి.) ఎవరైనా అడిగితే "మా ఫాదర్ ఫుడ్ లైన్‌లో ఉన్నారు" అని తప్పించుకునేవాణ్ణి.

దీపావళి తర్వాత సదర్ వస్తుంది. దున్నపోతులకు నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, పూలదండలతో ఊరేగించడం మా పాలవాళ్ల పండుగ. ఆ ఏడు మా దున్న పగ్గం పట్టుకుని, బాపు పక్కన, డప్పులకు ఎగురుతున్నాను. ఎదురుగా మా టీమ్ లీడర్, కెమెరాతో! "నువ్వేంటిక్కడ? ఎవరిదీ దున్న?" అన్నాడు. నా నోటికేం పుట్టిందో, "ఏమో సార్, ఈ పెద్దాయనెవరో కాసేపు పట్టుకోమన్నాడు" అనేశాను. బాపు నా ముఖం ఒక్కసారి చూసి పగ్గం అందుకున్నాడు. "షుక్రియా సార్, మస్తు సాయం జేసిన్రు" అన్నాడు. కన్నతండ్రి నన్ను సార్ అన్నాడు! నా చేతి మేత తిని పెరిగిన ఆ దున్నకు మాత్రం ఈ నాటకం అర్థంకాక, నా వెనకే వచ్చి చొక్కా నాకింది. "జంతువులు నీకు భలే మచ్చికవుతాయే" అని టీమ్ లీడర్ మెచ్చుకున్నాడు. ఛీ, ఏం మెప్పు! ఇంట్లో బాపు ఆ మాటే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

ఏడాది తిరక్కుండా నాకు జోకులు చెప్పే పిచ్చి పట్టింది. ఓ కెఫేలో సాయంత్రాలు ఎవరైనా మైకు పట్టుకుని అయిదు నిమిషాలు జనాన్ని నవ్వించొచ్చు. విమానంలో పెట్టే తిండి మీద జోకులు రాసుకుని స్టేజీ ఎక్కాను. ఒక్కడూ నవ్వలేదు. ముందు వరుసలోంచి ఒకడు, "అన్నా, ఎప్పుడన్న విమానం ఎక్కినవా?" అన్నాడు. అబద్ధం ఒక్కటీ అందిరాలేదు. "లేదు భాయ్, బర్రెనెక్కిన" అన్నాను. జనం గొల్లుమన్నారు. ఇక ఆగలేదు, సదర్ సంగతంతా కక్కేశాను. బాపు "సార్" అన్న దగ్గరికొచ్చేసరికి నవ్వులు ఆగి చప్పట్లు పడ్డాయి. ఎంత ధైర్యమో నాకని ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున, స్నేహితుడు తీసిన వీడియో బాపు చేతిలో పెట్టి, గడ్డి వేసే నెపంతో అటు తిరిగి నిలబడ్డాను. (కెఫే మొత్తం ముందు నోరు విప్పిన మొనగాణ్ణి మరి!) బాపు మొత్తం చూశాడు. నవ్వలేదు. ఫోన్ తిరిగిచ్చి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"వాళ్లకు మంచిగ చెప్పినవ్ బిడ్డా. మరి నాకెప్పుడు చెప్తవ్?"

బర్రెల మధ్య, మైకు లేకుండా, "తప్పైంది బాపూ" అనడానికి నాకు అయిదు నిమిషాలు చాలలేదు. సదర్ కథ ఇప్పటికీ స్టేజీ మీద చెబుతుంటాను, జనం నవ్వుతారు. ఆ పొద్దుటి సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు, మీకే చెబుతున్నాను. నవ్వుకోండి, నేనూ నవ్వుకుంటున్నాను, చెవులు మాత్రం వేడెక్కుతూనే ఉన్నాయి.