పసుపు చెమట

భోపాలపట్నంలో బట్టల దుకాణం ఉమామహేశ్ వయసులో ఉన్నప్పుడు వరదలో ఇంద్రావతిని ఈదాడట. ఉత్తినే కాదు, చంకకో మేకను ఇరికించుకుని. చెప్పిన కొద్దీ ఆ మేకలు పెరిగి, ఈమధ్య దున్నపోతులయ్యాయి.

పక్క కిరాణా ఈశ్వరరావు ఊరుకోలేదు. “ఏంది ఉమన్నా, కిందపడ్డ మీటరు బద్ద వంగి తీస్కోలేవు, దున్నపోతుల్ని మోసినవా?”

బజారంతా నవ్వింది. ఆ నవ్వుకే ఉమామహేశ్ ఫోనులో వెతికి, కొవ్వు కరిగించే గోళీలు తెప్పించాడు. డబ్బా మీద పేరూ ఊరూ లేవు. కొన్నాళ్లకే చొక్కాలు వదులయ్యాయి. గోళీల మాట చెబితే పరువేం మిగులుతుంది? రోజూ తెల్లారకముందే తర్లగూడ రోడ్డున ఉరికొస్తున్నానన్నాడు.

“మొన్న ఎలుగుబంటి ఎంటపడ్డది. కొంతదూరం ఉరికి, దమ్ము చాలక మైలురాయి మీద కూలబడ్డది పాపం.”

నిజానికి ఆ వేళప్పుడు అతను తన గోదాములో, ఫ్యాను కింద, బట్టల మూటల మీద కూర్చునేవాడు.

తర్వాత ఒళ్లు కాలడం మొదలైంది. చెమటకు బనీను పసుపు పూసినట్టు తడిసేది. పచ్చకామెర్లని తేల్చేసింది భార్య సుధామణి. పసరు తాగించింది, ఉప్పూ నూనే లేని పథ్యం పెట్టింది, తోడుగా తనూ అదే తిన్నది. ఉమామహేశ్ చప్పిడి అన్నం మింగాడు. చాటుగా గోళీలూ మింగాడు.

ఒక మధ్యాహ్నం ఊపిరాడక దుకాణంలోనే పడిపోయాడు. సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఏం తిన్నావని హిందీలో అడిగింది. అతను వెంట వచ్చిన ఈశ్వరరావు వైపు చూసి నోరు మూసుకున్నాడు. సుధామణే వచ్చీరాని హిందీలో అందుకుంది. ఈయన గట్టి మనిషి, రోజూ తర్లగూడ రోడ్డున ఉరుకుతాడు, ఎలుగుబంటే ఓడిపోయింది, ఈ కామెర్లే పడగొట్టాయి అంది.

“అవును మేడమ్, ఈయన్ని చూసే మేమందరం పొద్దుగాల నడుస్తున్నం,” అన్నాడు ఈశ్వరరావు. ఆ గొంతులో ఎగతాళి లేదు.

ఉమామహేశ్ గోడవైపు తిరిగాడు. “ఎలుగుబంటి లేదు. గోళీలు మింగిన. అంగి జేబుల ఉన్నయి.”

డాక్టరమ్మ గొట్టంలాంటి ఆ గోళీని విప్పి పసుపుపచ్చ పొడి చూసింది. డైనైట్రోఫినాల్ లాగుంది, ఇది మందు కాదు, విషం అంది. తిన్నది ఒంటికి బలం కాకుండా ఉత్త వేడిగా మండిపోతుందట. విరుగుడు లేదు, ఒంటిని చల్లబరుస్తూ కనిపెట్టుకుని ఉండాలట. ఈశ్వరరావు ఐసు కోసం చేపల బజారుకు నిజంగానే ఉరికాడు.

సుధామణి గుడ్డలో ఐసు చుట్టి, ఒకప్పుడు మేకలున్న చంకల్లో పెట్టింది.

“మరి పొద్దుగాల యాడికి పోయిండ్రు?”

“గోదాంల కూసున్న.”

“బూట్లకు రోజూ అంత మట్టి ఉండె. నేనే కడిగిన గద?”

“నేనే పూసిన,” అన్నాడు కళ్లు మూసుకుని.

ఐసు కరిగినప్పుడల్లా సుధామణి గుడ్డ మార్చింది. సాయంత్రానికి వేడి దిగింది. కళ్లు తెరిస్తే ఈశ్వరరావు ఇంకా స్టూలు మీదే ఉన్నాడు. ఏదో ఒక ఎకసెక్కం ఆడితే బాగుండునని ఉమామహేశ్ ఎదురుచూశాడు. ఈశ్వరరావు మరో ఐసు ముక్క గుడ్డలో చుట్టి సుధామణికి అందించాడు.